డి డ్రైవులో మాటలు

మా ఇంట్లో కంప్యూటర్ పాడైపోయిందని నాకు కోపమొచ్చిందని చుట్టాలంతా అనుకుంటారు. అది పాడవలేదు. దాన్ని బాగుచేశారు. ఇన్నేళ్ళయినా చల్లారని నా కోపం ఆ బాగుచెయ్యడం మీదే.

అప్పటికి నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. అరసవల్లి వెళ్ళే దారిలో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన నాకు మేనత్త కొడుకే, ఊహ తెలిసినప్పట్నించీ బావా అని పిలిచిన మనిషి. ఆయనకి ఊళ్ళో ఇనప సామాన్ల కొట్టు ఉంది. కొట్లో బిల్లుల కోసం కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు పాతది ఇంటికొచ్చింది. వెనకాల బానంత బొజ్జ ఉన్న మానిటరు, తుప్పు మరకలు అంటిన కీబోర్డు, ఆన్ చేస్తే పిండిమరలా రొద పెట్టే డబ్బా. పిల్లలు ఆటలాడుకుంటారని తెచ్చాడు. వాళ్ళు ఒక పూట చూసి, ఇందులో ఏ ఆటా నడవదని తేల్చేసి వదిలేశారు. అది నా పాలబడింది.

దాంట్లో నేను మాటలు దాచుకోవడం మొదలుపెట్టాను. మాటలంటే మా వైపు మాటలు. విజయనగరంలో డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి క్లాసులో లేచి "అదేటండీ?" అని అడిగాను. లెక్చరర్ నాచేత ఆ మాట మళ్ళీ మళ్ళీ అనిపించాడు, బెంచీలన్నీ నవ్వేదాకా. సినిమాకెళితే తాగుబోతుకీ, తెలివితక్కువ పనివాడికీ మా యాసే. తీరా నేను టీచర్నయ్యాక, పిల్లలు "సెప్పండి టీచర్" అంటే వెంటనే దిద్దాలని మా హెడ్మాస్టరు ఉత్తర్వు. "అవి మాటలు కావమ్మా, తప్పులు" అన్నాడాయన. ఆ రోజు ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, "బేగి" అని టైపు చేశాను. తొందరగా అని అర్థం. దాని కింద "ఒగ్గు". వదలడం. దాని కింద "అంపు". పంపడం. ఇవి తప్పులట.

మా అప్ప భోగాపురం దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. మా వైపు అక్కని అప్ప అంటాం. వాళ్ళది వ్యవసాయం, వరీ జీడీ కొబ్బరీ. మా పెద్దమ్మ కూడా ఆఖరి రోజుల్లో ఆవిడ దగ్గరే ఉండేది. సెలవొచ్చినప్పుడల్లా నేను అక్కడికి పోయి, వాళ్ళిద్దరూ చేటలో ధాన్యం చెరుగుతూనో, కూరలు తరుగుతూనో మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని చీటీల మీద రాసుకునేదాన్ని. ఇంటికొచ్చి టైపు చేసి చీటీలు పొయ్యిలో వేసేదాన్ని. మా పుట్టింట్లో పుస్తకమన్నది చెదలకి దక్కకుండా ఒక్కటి మిగల్లేదు. కాగితం మీద నాకు నమ్మకం లేదు. యంత్రం మీద ఉండేది.

ఆ యంత్రం నన్ను ఎంత ఏడిపించిందో చెప్పాలి. అప్పట్లో నాకు తెలుగు టైపు చెయ్యడానికి తెలిసిన దారి ఒక్కటే. ఇంటర్నెట్లో ఒక పేజీ ఉండేది. అందులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలయ్యేవి. బ్రౌజరు తెరిచి ఆ పేజీలోని ఖాళీ పెట్టెలో టైపు చేసుకుంటూ పోవాలి. పేజీ బాగానే పనిచేసేది. దాన్ని మోసే ఓపిక మా డబ్బాకి ఉండేది కాదు. నేను ఒక మాట రాసి, అర్థం రాసి, దాన్ని పెద్దమ్మ ఏ సందర్భంలో అందో రాసి, ఇంకో మాటకి వెళుతుండగా తెర పాలిపోయేది. బాణం గుర్తు ఇసక గడియారమై కూర్చునేది. నేను మౌసు మీంచి చెయ్యి తీసి, ఊపిరి బిగబట్టి, కదలకుండా ఉండేదాన్ని, నేను కదిలితే అది చచ్చిపోతుందన్నట్టు. చివరికి ఒక చిన్న పెట్టె వచ్చేది. ప్రోగ్రాం ఆగిపోయింది, మీకు కలిగిన ఇబ్బందికి విచారిస్తున్నాం అని. విచారమట. పొద్దున్నించీ చేసిన పని మింగేసి, మూతి తుడుచుకుని, విచారం. మళ్ళీ తెరిస్తే బ్రౌజరు ఆ పేజీని తెచ్చి పెట్టేది, పెట్టెని మాత్రం ఖాళీగా తెచ్చేది.

బ్రౌజరు పడిపోయేలోపు రాసినదాన్ని ఎక్కడో ఒకచోట దాచాలని అర్థమైంది. నోట్‌ప్యాడ్‌లోకి అతికించి, భద్రం చెయ్యమని నొక్కాను. ఏదో ఇంగ్లీషు హెచ్చరిక వచ్చింది. ఇలాంటివి రోజూ చూసే విసుగులో సరేనన్నాను. మర్నాడు తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటి లేదు. పేజీ నిండా ప్రశ్నార్థకాలు. నేను రాసిన ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం. "ఇదేం భాష?" అని హేళనగా అడుగుతున్నట్టు, వరసాగ్గా, పై నుంచి కిందిదాకా. ఆ రోజు కీబోర్డుని బల్లకేసి కొట్టాను. రెండు మీటలు ఊడాయి. వాటిని వెతికి మళ్ళీ నేనే పెట్టుకున్నాను.

మా స్కూల్లో కంప్యూటర్లు చెప్పే అమ్మాయి ఉండేది. నాకంటే చాలా చిన్నది, ఓర్పున్న పిల్ల. ఆమెని అడిగాను.

"మేడమ్, సేవ్ చేసేటప్పుడు కింద ఎన్‌కోడింగ్ అని ఒక గడి ఉంటాది. దాన్ని మార్చకపోతే తెలుగు ఉండదు. అది ఇంగ్లీషుకే అలవాటు పడిపోయినాది" అంది.

"మా హెడ్మాస్టర్లాగా" అన్నాను. ఆ పిల్ల నవ్వి, స్టాఫ్‌రూమ్ తలుపు వైపు చూసి నోరు మూసుకుంది.

ఆమె చెప్పినవన్నీ చేశాను. బ్రౌజరులో బొమ్మలు రాకుండా ఆపాను. ఆ ఒక్క పేజీ తప్ప ఇంకేదీ తెరవలేదు. ఒక్కో మాట పూర్తవగానే నోట్‌ప్యాడ్‌లోకి, నోట్‌ప్యాడ్ నుంచి డిస్కులోకి. పెన్‌డ్రైవు కూడా కొన్నాను గానీ, స్కూల్లో ప్రశ్నపత్రాలు ప్రింటు చెయ్యడానికని ఆఫీసువాళ్ళు తీసుకుని, నిండా వైరస్‌తో తిరిగిచ్చారు. దాన్ని ఖాళీ చెయ్యాల్సొచ్చింది. మెయిల్లో నాకు నేనే పంపుకుందామంటే, ఆ మెయిలు పేజీ తెరుచుకునేలోపే బ్రౌజరు పడిపోయేది.

"అన్నీ డి డ్రైవులో పెట్టండి మేడమ్" అంది ఆ అమ్మాయి. డిస్కుని లోపల రెండు అరలుగా విడదీస్తారనీ, ఎవరైనా కంప్యూటర్ని తుడిచి మళ్ళీ ఎక్కించినా సి అర ఒక్కటే తుడుస్తారనీ, డి జోలికి ఎవరూ రారనీ వివరించింది. డిలో ఒక ఫోల్డరు పెట్టాను. అక్షరానికో ఫైలు. అ, ఆ దగ్గర్నించి హ దాకా. అన్నిటికన్నా పెద్దది స. మా నోట్లో చ అంతా స అవుతుంది కాబట్టి. సల్ది, సేట, సూరు, సిక్కం. తెలుగు నేలంతా చ దగ్గర వెతుక్కునే మాటలన్నీ నా దగ్గర స ఫైల్లో ఉండేవి. మూడేళ్ళు పైగా పట్టింది. ఆ మధ్యలోనే మా పెద్దమ్మ పోయింది.

ఇక బాగుచేసిన రోజు.

ఆ ఏడాది వచ్చిన తుపాను తర్వాత కరెంటు సరిగా ఉండేది కాదు. ఓల్టేజీ ఎగిరీ పడీ కంప్యూటర్ ఇంకా నెమ్మదించింది. ఆన్ చేసి, బియ్యం కడిగి ఎసట్లో పోసి వస్తేగానీ బొమ్మ వచ్చేది కాదు. నేను సణుక్కోవడం మా బావ విన్నాడు. నాకు మేలు చేద్దామనే అనుకున్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ కాదనను. కొట్లో కంప్యూటర్ చూసే రిపేరు అతన్ని, నేను స్కూల్లో ఉండగా ఇంటికి తీసుకొచ్చాడు.

సాయంత్రం నేను చెప్పులు విప్పుతుండగానే బావ పిలిచాడు. "బేగి రావే. సూడు ఎలగ పరిగెడతన్నాదో."

రిపేరతను కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెర మీద పచ్చటి గడ్డీ నీలం ఆకాశం ఉన్న బొమ్మ. నా ఫోల్డరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. డి అని అసలు అరే లేదు.

"నా డి డ్రైవేదీ?" అన్నాను.

"రెండూ కలిపేసినానమ్మా" అన్నాడతను సంబరంగా. "సి నిండిపోయి స్లో అయిపోనాది. ఇప్పుడంతా ఒకటే. మంచిగా ఫార్మేట్ కొట్టి కొత్తగా ఎక్కించినాను. సినిమాలు కూడా వేసినాను, ఫ్రీగా."

ఎంత మెల్లగా అడగగలనో అంత మెల్లగా అడిగాను. "లోపల ఏమున్నాయో చూడలేదా?"

"అడిగినానమ్మా. ముఖ్యమైనవి ఏటైనా ఉన్నాయా అని సార్ని అడిగే సేసినాను. అడక్కుండా మేం సెయ్యం."

నేను బావ వైపు తిరిగాను. ఆయన ముఖంలో ఇంకా సంతోషమే ఉంది.

"నువ్వేం చెప్పావు?"

"ఏటి సెప్తాను? ఏటీ లేవన్నాను. మా ఆవిడ ఏదో టైపు కొట్టుకుంటాది, అంతే అన్నాను."

అంతే. రిపేరతను తప్పు చెయ్యలేదు. అడగాల్సిన ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్నకి ఈ ఇంట్లో జవాబు చెప్పాల్సిన మనిషిని నేను. నన్ను స్కూలుకి ఫోన్ చేసి ఎవరూ అడగలేదు. మూడేళ్ళుగా ఆయన ఎదుటే, ఆయన తింటున్న బల్ల పక్కనే కూర్చుని నేను చేసిన పనికి ఆయన పెట్టుకున్న పేరు "ఏదో".

"పెద్దమ్మ మాటలన్నీ అందులో ఉన్నాయి బావా."

"మాటలే కదే. ఎక్కడికి పోతాయి? నోట్లోనే ఉంటాయి. మళ్ళీ కొట్టుకో."

"ఎవరి నోట్లో? పెద్దమ్మ నోట్లోనా?"

రిపేరతను లేచి నిలబడి, మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "సూసుకోండమ్మా, సినిమాలు మంచివే వేసినాను" అని, ఒకటి ఆడించాడు. నా తలరాత కాకపోతే, తెర మీదకి వచ్చిన మనిషి ఒక తాగుబోతు వేషగాడు. "ఏటి బాబూ" అంటూ తూలుతున్నాడు. వెనకనుంచి నవ్వుల చప్పుడు.

గోడకున్న ప్లగ్గుని వైరుతో సహా లాగేశాను. బావ "ఓసే" అని అరిచాడు. ఏళ్ళ తరబడి ఆ యంత్రాన్ని పద్ధతిగా మూసి ఆపుతూ వచ్చిన నేను, మెడ పట్టుకు లాగినట్టు లాగాను. కోపంతోనే లాగాను. ఆ తర్వాత తెలిసింది, ఆ పూట చేసిన మంచి పని అదొక్కటేనని.

కంప్యూటర్ టీచరమ్మాయికి ఫోన్ చేశాను. నా గొంతు విని ఆ పిల్ల భయపడింది. విషయం చెప్పాక అంది: "మళ్ళీ ఆన్ చెయ్యకండి మేడమ్. ఎవరేం చెప్పినా వద్దు. ఫార్మేట్ చేస్తే లోపలున్నవి వెంటనే పోవు. ఎక్కడున్నాయో చెప్పే పట్టిక పోతాది, అంతే. వాటి మీద కొత్తవి పడేకొద్దీ అప్పుడు నిజంగా పోతాయి. ఏమైనా కాపీ చేశారా?"

"సినిమాలు" అన్నాను.

"సరే మేడమ్. ఆన్ మాత్రం చెయ్యకండి. విజయనగరంలో పోయిన ఫైళ్ళు వెలికితీసే ఆయన ఒకరున్నారు, మా అన్నయ్యకి తెలుసు. లోపలి డిస్కు విప్పి పట్టుకెళ్ళండి."

బావ కొట్టు నుంచి తెచ్చిన స్క్రూడ్రైవర్లు మా ఇంట్లో ఎన్నో ఉన్నాయి. ఒకటి తీసుకుని డబ్బా నేనే విప్పాను. ఆయన దగ్గరకొచ్చి "నాను ఇప్పుతాను, ఇలా ఇయ్యి" అన్నాడు. ఇవ్వలేదు. డిస్కు అరచేతికి సరిపోయేంత ఉంది, బరువుగా, ఇంకా వెచ్చగా. నూలు తువ్వాల్లో చుట్టి, బీరువాలో చీరల మధ్య పెట్టి తాళం వేశాను. ఆ తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఏ వస్తువునీ నేను అలా దాచుకోలేదు.

స్కూలుకి సెలవడిగితే హెడ్మాస్టరు "ఏం పని?" అన్నాడు. "మా ఇంట్లో ప్రమాదం జరిగింది" అన్నాను. అబద్ధమని నాకు అనిపించలేదు.

బస్సులో డిస్కుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రణస్థలం దాకా నేను చూసింది కిటికీ అవతలి రోడ్డుని కాదు. బావతో అనాల్సిన మాటల్ని మనసులో వరసలో పెట్టుకుంటూ వెళ్ళాను. వంటగదిలో ఎండుమిరపకాయలు ఎన్ని ఉన్నాయో ఆయనకి తెలియకపోతే తప్పులేదు. నేనేం చేస్తానో ఎందుకు తెలియదు? కొట్లో ఏ సైజు మేకు ఏ డబ్బాలో ఉందో చీకట్లో చెప్పగలడు. నేనేం రాస్తున్నానని ఒక్కనాడు వచ్చి తెర వైపు చూడలేదు. నేను చదివి వినిపించబోతే "ఊఁ" అంటూ టీవీ గొంతు పెంచాడు. నా కోపం ఆయన దగ్గరే ఆగలేదు. లెక్చరర్ మీద, హెడ్మాస్టర్ మీద, సినిమాలు తీసేవాళ్ళ మీద, వాటిని చూసి మొట్టమొదట నవ్వే మా ఊరివాళ్ళ మీద. బస్సు దిగేసరికి నా దవడలు నొప్పెట్టాయి.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక మేడ మీద చిన్న గది. అందులోని పెద్దమనిషి డిస్కుని తన కంప్యూటర్‌కి కలిపి, చెవి దగ్గర పెట్టుకుని అది తిరిగే చప్పుడు విన్నాడు. "దీని మీద ఏటీ రాయను. చదువుతాను, అంతే. దొరికినవి వేరే డిస్కులోకి తీస్తాను" అన్నాడు. నన్ను కూర్చోమన్నాడు. ఏమేం ఫైళ్ళని అడిగాడు. చెప్పాను. అతను నవ్వలేదు. "మా అమ్మ కూడా సల్ది అనే అనేది" అని మాత్రం అని, పనిలో పడ్డాడు. ఎవరైనా ఆ ఫైళ్ళ గురించి అడిగి, జవాబు ఆసాంతం వినడం అదే మొదలు. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. వాటి మీద కూడా కోపమొచ్చింది.

మధ్యాహ్నం దాటాక పిలిచాడు. పేర్లన్నీ పోయాయి, ఫైళ్ళన్నీ అంకెలయ్యాయి. ఒక్కొక్కటీ తెరిచి చూశాం. క వచ్చింది. గ వచ్చింది. అచ్చులు దాదాపు అన్నీ వచ్చాయి. బ సగం దగ్గర తెగిపోయి, తర్వాత అర్థంలేని గుర్తులు. ప లేదు. స కోసం చివరిదాకా వెతికాం. ఆ చోట ఒక సినిమా ముక్క దొరికింది.

"దాని మీదే పడ్డాదమ్మా. ఇంక రాదు" అన్నాడు. ఓదార్చలేదు, ఆశ పెట్టలేదు. అందుకు అతనికి ఇప్పటికీ నమస్కరిస్తాను. దొరికినవాటిని రెండు సీడీల్లోనూ ఒక పెన్‌డ్రైవులోనూ వేసిచ్చి, "ఒకే ఇంట్లో పెట్టకండి" అన్నాడు.

ఇంటికొచ్చాక బావతో చాలా రోజులు అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. బస్సులో వరసలో పెట్టుకున్నవి మాత్రం అన్నీ అన్నాను, ఒక్కసారే, అన్నం వడ్డిస్తూ. ఆయన ముద్ద కలుపుతూ ఆపేశాడు.

"నాకేటి తెల్సు? నువ్వు సెప్పలేదు కదా."

"చెప్పాను బావా. మూడేళ్ళూ చెప్పాను. నువ్వు వినలేదు."

ఆయన చెయ్యి కడుక్కుని కొట్టుకి వెళ్ళిపోయాడు. క్షమించమని ఆయన అనలేదు. మా ఇళ్ళలో మగవాళ్ళు ఆ మాట వాడరు. వారం తిరక్కుండా బయట తగిలించుకునే కొత్త డిస్కొకటి కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టాడు. నేను తీసుకున్నాను. తీసుకున్నంత మాత్రాన కోపం తగ్గిందని ఆయన అనుకోకుండా చూసుకున్నాను.

ఒక సీడీని స్కూల్లో నా బీరువాలో పెట్టాను. ఇంకొకటి తీసుకుని భోగాపురం వెళ్ళాను. అప్పటికి అక్కడ విమానాశ్రయం మాట మొదలైంది. ఎవరి భూమి పోతుందో, ఎవరిది ఉంటుందో తెలియక ఊరంతా అరుగుల మీదే ఉంది. అప్ప సీడీని వెలుగుకి పట్టి చూసి, పసుపు కుంకాల పెట్టెలో పెట్టింది.

"సెల్లీ, భూమే పోతాదంటన్నారు. నువ్వు మాటలట్టుకుని ఏడుస్తన్నావు" అంది.

"భూమి పోతే దానికి డబ్బైనా ఇస్తారు అప్పా. ఊరికే ఒగ్గెయ్యరు."

అప్ప చేట పక్కన పెట్టి, కాళ్ళు చాపుకుని కూర్చుని, "ఏ అచ్చరం పోనాది?" అని అడిగింది.

ప, సగం బ, అన్నిటికన్నా ముందు స అన్నాను. ఆ సాయంత్రం నుంచి మొదలుపెట్టాం. వంటింట్లో వస్తువులు చూసుకుంటూ, పెరట్లో తిరుగుతూ, పశువులశాలలో నిలబడి, కంటికి కనబడినదానికల్లా పేరు చెప్పుకుంటూ పోయాం. చాలా మాటలు తిరిగొచ్చాయి. ఈసారి చీటీలు పారెయ్యలేదు. కాగితం మీదా, ఫోన్లోనూ, డిస్కులోనూ, మూడుచోట్లా పెట్టాను. పెద్దమ్మ వాడే మాటల దగ్గరికొచ్చేసరికి ఇద్దరం ఆగిపోయేవాళ్ళం. ఆవిడ కోపంలో ఒక మాట అనేది, ముద్దుకి ఒకటి, వాన ముసురు పట్టినప్పుడు ఒకటి. ఉందని తెలుసు. అదేదో గుర్తుకు రాదు.

మధ్యలో ఒకసారి అప్ప ఏదో మాట చెప్పి, నేను రాసుకుంటుంటే అడిగింది.

"ఇది ఇంతకుముందు సెప్పినానా నీకు?"

నేను కలం ఆపాను. ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగే ఫైలు ఇప్పుడు లేదు. ఎన్ని మాటలు పోయాయో, ఏవి పోయాయో, వాటిలో ఎన్ని తిరిగొచ్చాయో ఇక ఎప్పటికీ నాకు తెలియదు. పోయినవాటి లెక్క కూడా పోయినవాటితోనే పోయింది. ఆ సంగతి అప్పకి చెబితే బాధపడుతుంది.

"ఏమో అప్పా" అన్నాను. "మళ్ళీ సెప్పు."